వార్షిక నివేదిక: బెగోనియాల చీటీలు మార్చిన ఏడాది

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు లేచి, "ఆ మూలనున్న కుండీలన్నిటికీ 'బెగోనియా' అని చీటీ పెట్టి చేతులు దులుపుకున్నారేం?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేకపోయింది. ఈ ఏడాది సంఘం పని చాలావరకు ఆ ప్రశ్న వెంటే నడిచింది.

బెగోనియాల్లో రెండు వేలకు పైగా జాతులున్నాయి. మొక్క బెగోనియా అవునో కాదో తేల్చడం పెద్ద కష్టం కాదు. ఆకు ఒక పక్క పెద్దది, ఒక పక్క చిన్నది. మగపూలు, ఆడపూలు ఒకే మొక్కకు వేరువేరుగా పూస్తాయి. ఆడపువ్వు వెనక సాధారణంగా రెక్కలున్న కాయ కనిపిస్తుంది. ఏ రకమన్న దగ్గరే చిక్కు.

మొదటి సమావేశంలో ఆకుల రంగు చూసి వేరుచేయబోయి భంగపడ్డాం. ఆకు అడుగున ఎరుపు చాలా రకాలకు ఉంటుంది. రెండోసారి ఆకులు పక్కకు తప్పించి కాండం చూశాం, సగం పని అక్కడే తేలింది. వెదురులా ఉబ్బిన కణుపులతో నిటారుగా లేస్తే కేన్ బెగోనియా. తెల్లచుక్కల మాక్యులేటా ఈ కోవలోదే. కాండం అల్లం కొమ్ములా లావుగా మట్టి మీద పాకుతుంటే రైజోమటస్. రెక్స్ రకాలూ ఎక్కువగా పాకేవే. అయితే అస్సాం ప్రాంతపు బెగోనియా రెక్స్ నుంచి సంకరం చేసిన సంతతి కావడంతో, ఆ వెండి, ఊదా ఆకుల అందం కోసం వాటిని విడి వర్గంగా చూస్తారు. పొట్టిగా, గుబురుగా, మైనం పూసినట్టున్న ఆకులతో విడవకుండా పూసేది సెంపర్‌ఫ్లోరెన్స్.

అసలు వాదన దుంప బెగోనియాకూ ఎలాటియర్‌కూ మధ్య వచ్చింది. రెండిటికీ ముద్దపూలుంటాయి. 1880లో యెమెన్‌కు చెందిన సొకోట్రా దీవిలో వృక్షశాస్త్రవేత్త బాల్ఫోర్ సేకరించిన, చలికాలంలో పూసే సొకోట్రానా అనే బెగోనియాను దుంప రకాలతో సంకరం చేయగా పుట్టినది ఎలాటియర్. అందుకే పోలిక. మొదలు దగ్గర మట్టి కాస్త గోకి చూడండి: బల్లపరుపు దుంప తగిలితే అనుమానం తీరినట్టే. దుంప రకం పొద్దు తగ్గేకొద్దీ ఆకులు రాల్చి నిద్రపోతుంది. అంతకుముందు ఏడాది అలా నిద్రపోయిన కుండీలను చచ్చాయనుకుని మట్టితో సహా పారబోశాం. తప్పు కార్యవర్గానిదే.

అంట్ల శిక్షణ రోజున రెక్స్ ఆకు ఈనెలకు గాట్లు పెట్టి తడి ఇసుక మీద బోర్లించకుండా పరిచాం. కొన్ని వారాలకు గాట్ల దగ్గర చిటికెనవేలి గోరంత పిల్లలు లేచాయి. పక్కనే నాటిన కేన్ ఆకు మాత్రం బోలెడు వేళ్లు తన్ని, పచ్చగా, మొండిగా అలాగే కూర్చుంది. మొలక ఊసే లేదు. కేన్‌కు కణుపున్న కాండం ముక్కే నాటాలి.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. కార్యవర్గంలో మార్పులేమీ లేవు.

పొద రకమా, సెంపర్‌ఫ్లోరెన్సా అన్నది తేలని కుండీలు రెండు మిగిలాయి. వాటికి పెన్సిల్‌తో రాసిన చీటీలే ఉంచాం. వచ్చే సమావేశానికి భూతద్దం ఉన్నవారు తెచ్చుకోగలరు.