ఏ క్రిమీ దొరకలేదంటే ఇన్‌ఫెక్షన్ లేదని కాదు

సంపాదకుల వారికి,

శుక్లాల ఆపరేషన్ తర్వాత కంటికి ఇన్‌ఫెక్షన్ సోకిందన్న వార్తల్లో తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది: ల్యాబ్ పరీక్షలో ఏ క్రిమీ బయటపడలేదని. అది చదివి ఇన్‌ఫెక్షనే లేదనుకునేవారు కొందరు, ఆస్పత్రివాళ్లు ఏదో దాస్తున్నారనుకునేవారు ఇంకొందరు. కంటి శాంపిళ్లు చూసే మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

మా రిపోర్టు మంచిచెడ్డలు చాలావరకు శాంపిల్ తీసే గదిలోనే తేలిపోతాయి. మాకు కావలసింది కంటి లోపలి ద్రవం. కంటి ముందు భాగంలో ఉండే నీరు 0.1 మి.లీ., వెనకనుండే జెల్లీలాంటి విట్రియస్ 0.2 మి.లీ. వచ్చినా చాలు. క్రిమి దొరికే అవకాశం విట్రియస్‌లోనే ఎక్కువ. అలాంటిది, కంటి ఊసిని దూదిపుల్లతో తుడిచి పంపేవారు ఇప్పటికీ ఉన్నారు! రెప్పల అంచున క్రిములు అందరికీ ఉంటాయి. వాటిని చూసి లోపలేముందో ఎలా చెప్పగలం? అంతకన్నా చిరాకు, కంట్లోకి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చేశాక తీసిన శాంపిల్. ముందు ద్రవం తీసి, అదే టేబుల్ మీద వెంటనే మందు ఇవ్వొచ్చు, దీనివల్ల వైద్యం ఆలస్యం కాదు. కంట్లో సూది అనగానే ఇంటివాళ్లు టెన్షన్ పడి వద్దనడమూ చూస్తుంటాం. ఎలాగూ మందు వెళ్లేది సూదితోనే.

శాంపిల్ వచ్చాక ఒక్కో చుక్కా లెక్కే. ఒకటి స్లైడు మీదికి, మిగతావి క్రిములను పెంచే బ్లడ్ అగార్, చాక్లెట్ అగార్ (పేరే చాక్లెట్, ఉండేది వేడిచేసిన రక్తం), ఫంగస్ కోసం సబురో అగార్, గాలి గిట్టని క్రిముల కోసం థయోగ్లైకొలేట్ ద్రవంలోకి. అగార్ ప్లేటు మీద శాంపిల్‌ను ఇంగ్లిష్ 'సి' ఆకారంలో గీస్తాం. ఆ గీత మీదే పెరిగితే అది శాంపిల్‌లోది. పక్కన ఎక్కడో ఒక చుక్క లేస్తే గాలిలోంచి పడి ఉండొచ్చని అనుమానిస్తాం. ఇలా క్రిమిని పెంచి చూసే కల్చర్‌కు రోజులు పడుతుంది గానీ, గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసిన స్లైడు గంటలోపే మాట్లాడుతుంది. ఊదారంగు గుత్తులా, గులాబీ కడ్డీలా, ఫంగస్ పోగులా అన్నది చూసి వెంటనే డాక్టర్‌గారికి ఫోన్ చేస్తాం.

ఇంత చేసినా ఏమీ పెరగని కేసులుంటాయి. 1995లో అమెరికాలో వెలువడిన ఎండాఫ్తల్మైటిస్ (కంటి లోపలి ఇన్‌ఫెక్షన్) విట్రెక్టమీ స్టడీలో 420 మంది రోగులుంటే, సుమారు 30 శాతం మందిలో కల్చర్‌తో నిర్ధారణ కాలేదు. ఆపరేషనైన నెలలకు నెమ్మదిగా తలెత్తే క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా లాంటిదైతే 14 రోజుల దాకా ఇంక్యుబేటర్‌లో ఉంచాలి. మూడోరోజే ప్లేటు పారేస్తే అదెక్కడ కనిపిస్తుంది? పీసీఆర్ పరీక్ష క్రిమి డీఎన్‌ఏను వెతుకుతుంది కాబట్టి ఇలాంటప్పుడు అక్కరకొస్తుంది. కాకపోతే బయటినుంచి పడ్డ డీఎన్‌ఏనూ పట్టేస్తుంది, ఏ మందు పనిచేస్తుందో కల్చర్‌లా తేల్చి చెప్పలేదు. క్రిమి లేకుండానే, పరికరాలకు అంటుకున్న డిటర్జెంట్ లాంటివాటి వల్ల ఒకటి రెండు రోజుల్లో కన్ను వాచే టాస్ అనే సమస్యా ఉంది. అదీ ఇన్‌ఫెక్షనూ ఒకటేలా కనిపించి డాక్టర్లనే తికమక పెడుతుంది.

అందుకే 'క్రిమి దొరకలేదు' అని రాసేముందు శాంపిల్ ఎక్కడినుంచి తీశారో, మందుకు ముందా తర్వాతా, ఎన్నాళ్లు ఉంచి చూశారో మీ విలేకరులు అడిగితే బాగుంటుంది.

ఒకేరోజు చేసిన ఆపరేషన్లలో ఇద్దరు ముగ్గురికి ఇన్‌ఫెక్షన్ వస్తే మాత్రం కళ్లను పరీక్షిస్తే సరిపోదు. కంటిని కడిగిన ద్రవం, మెషిన్ గొట్టాలు, వాడిన డై, జెల్ అన్నీ చూడాలి. నీటి తావుల్లో పెరిగే సూడోమోనాస్ ఇలాంటి సందర్భాల్లో పదేపదే బయటపడిన క్రిమి. మా దాకా కబురొచ్చేసరికి ఆ సీసాలు చెత్తలోకి పోయి ఉంటున్నాయి. మిగిలిన ద్రవాలను బ్యాచ్ నంబర్లతో సహా కొన్నాళ్లు పక్కన పెట్టమని థియేటర్ సిబ్బందిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజిస్టు