అది ఢాం ఢూం నవల కాదండీ

సంపాదకులకు నమస్కారం.

యుద్ధ నవలలన్నీ ఢాం ఢూం మోతలే, చదవడం టైమ్ వేస్ట్ అని పోయిన వారం మీ పేజీలో ఒకాయన రాశారు. ఆయన 'దస్ బోట్' చదివి ఉండరు. లోథర్ గుంటర్ బుక్‌హైమ్ జర్మన్‌లో రాసిన ఈ నవల 1973లో వచ్చింది. 1941లో అట్లాంటిక్‌లో తిరిగిన ఒక సబ్‌మెరైన్ కథ. టార్పెడోలు పేలేది తక్కువ, ఎదురుచూపులే ఎక్కువ. రోజుల తరబడి ఒక్క ఓడా కనబడదు, తుఫాను వదలదు, యాభై మంది దాకా మగాళ్లు ఒక ఇనప గొట్టంలో ఒకరి చెమట కంపు ఒకరు పీలుస్తూ, డ్యూటీ దిగినవాడు ఎక్కినవాడి పక్క మీదే ఆ వెచ్చదనం ఆరకముందే పడుకుంటూ బతుకుతారు. మరుగుదొడ్లు రెండే, అందులో ఒకటి బయల్దేరేటప్పుడే తిండి సామానుతో నిండిపోతుంది!

అసలు టెన్షన్ నీళ్ల కింద. పైన తేలినప్పుడు డీజిల్ ఇంజిన్లు, మునిగాక బ్యాటరీలు, అంటే నత్తనడక. పారిపోయే దారి లేదు. అందరూ ఊపిరి బిగబట్టి, నీళ్లలో చప్పుళ్లు వినే హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాడి మొహం వంకే చూస్తుంటారు, పైన వెతుకుతున్న శత్రువు ఓడ దగ్గరికొస్తోందో పోతోందో ముందు తెలిసేది వాడికే కాబట్టి.

మా వైజాగ్ బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర సబ్‌మెరైన్ ఎక్కితే ఇదంతా కొంచెం అర్థమవుతుంది. దాని పొడవు 91 మీటర్లు, నవల్లోని రకం పడవ 67 మీటర్లే. మొన్న మనవణ్ణి తీసుకెళ్లాను. ఆ గుండ్రటి ద్వారాల్లో వంగి దూరుతూ నేను తల కొట్టుకుంటే వాడు నవ్వి, "తాతా, ఇక్కడ స్నానం ఎలా చేసేవాళ్లు?" అన్నాడు. నవల అంతా ఆ ప్రశ్నకు జవాబే.

హిట్లర్ సైన్యం మీద జాలి దేనికి అంటారేమో. నాకూ ఆ ఇబ్బంది ఉంది. బుక్‌హైమ్ స్వయంగా నాజీల ప్రచార విభాగం తరఫున యు-96 అనే జర్మన్ సబ్‌మెరైన్ ఎక్కినవాడే. కానీ 40 వేల మంది జర్మన్ సబ్‌మెరైన్ సిబ్బందిలో 30 వేల మంది తిరిగి రాలేదని నవల మొదట్లోనే రాసిపెట్టి, ఆ తర్వాత ఎవరినీ వీరుణ్ణి చెయ్యడు.

ఆ ఉత్తరం రాసినాయనకు ఒక మాట. మొదటి అధ్యాయం మొత్తం బార్‌లో తాగుడు గోల, విసుగొస్తుంది, పుస్తకం పక్కన పడెయ్యకండి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం