కూరగాయల కొట్టు మీద మంచు మైదానం

ఒరేయ్ శ్రీనూ,

చిన్నికి టొరంటో మెట్రోపాలిటన్ యూనివర్సిటీలో సీటొచ్చిందన్న నీ మెసేజ్ చూసి ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా ఆవిడ అప్పుడే పిల్లకి ఏ గది ఇవ్వాలో, ఏ దుప్పట్లు తియ్యాలో లెక్కలేస్తోంది. ఫీజులు, అద్దెలు, చలికోట్ల గురించి నువ్వడిగినవన్నీ ఆదివారం ఫోన్లో మాట్లాడుకుందాం. ఈ ఉత్తరం చెల్లెమ్మ అడిగిన ప్రశ్న కోసం. "అన్నయ్యా, అక్కడ దానికి కూరలు ఎక్కడ దొరుకుతాయి?" అంది కదా. క్యాంపస్ పక్కనే, కార్ల్టన్ వీధీ చర్చి వీధీ కలిసే మూలన లాబ్లాస్ అని పెద్ద సూపర్‌మార్కెట్ ఉంది, అక్కడ దొరుకుతాయని చెప్పు. జవాబు అంతే. కానీ ఆ కొట్టున్న భవనం కథ చెప్పకుండా వదిలితే నా కడుపు ఉబ్బిపోతుంది. టీ పెట్టుకుని కూర్చో.

దాని పేరు మేపుల్ లీఫ్ గార్డెన్స్. పేరులో తోట ఉందే గానీ లోపల ఒక్క మొక్క ఉండేది కాదు. పసుప్పచ్చ ఇటుక గోడలు, పైన పెద్ద గుమ్మటం. ఈ ఊరి ఐస్ హాకీ జట్టు మేపుల్ లీఫ్స్ 1931 నుంచి 1999 దాకా అందులోనే ఆడింది. నీకూ నాకూ హాకీ అంటే ధ్యాన్‌చందూ, గడ్డి మైదానమూను. ఇక్కడ మంచుగడ్డ మీద, కాళ్ళకి కత్తుల్లాంటి స్కేట్లు కట్టుకుని, బంతికి బదులు నల్లటి రబ్బరు బిళ్ళని కర్రలతో కొడతారు. దాన్ని పక్ అంటారు. నేను కొత్తగా వచ్చినప్పుడు అది ఎటు పోతోందో కంటికి ఆనేది కాదు. జనం లేచి అరిస్తే గోల్ పడిందని తెలుసుకునేవాణ్ణి.

ఈ హాలు కట్టించినవాడు కాన్ స్మైత్. ఇసుక, కంకర వ్యాపారం చేసేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి ఖైదీగా కూడా ఉండొచ్చాడు. 1927లో ఊళ్ళో ఉన్న సెయింట్ పాట్రిక్స్ అనే జట్టుని కొందరితో కలిసి కొని, దానికి మేపుల్ లీఫ్స్ అని పేరు మార్చాడు. గుర్రప్పందేల పిచ్చి ఒకటి. రేర్ జ్యుయెల్ అనే తన గుర్రం ఎవరూ అనుకోకుండా గెలిస్తే, ఆ డబ్బు కూడా వేసి 1930లో కింగ్ క్లాన్సీ అనే పేరున్న ఆటగాణ్ణి 35,000 డాలర్లూ మరో ఇద్దరు ఆటగాళ్ళూ ఇచ్చి తెచ్చుకున్నాడు. జట్టు బాగుంది, కానీ మ్యూచువల్ వీధిలోని పాత రింకులో, అంటే మంచు మైదానమున్న హాల్లో, ఎనిమిది వేల మందికి మించి పట్టేవారు కాదు. సరే, పెద్దది కడదామన్నాడు. ఎప్పుడూ? ప్రపంచమంతా మాంద్యంలో మునిగి, జనం రొట్టె కోసం వరసల్లో నిలబడుతున్నప్పుడు!

ఈటన్స్ అనే పెద్ద దుకాణంవాళ్ళ దగ్గర స్థలం కొన్నాడు. అంచనా పదిహేను లక్షల డాలర్లు. టెండర్లు వచ్చేసరికి డబ్బు చాలలేదు. అక్కడ ఒక చిత్రం జరిగింది. స్మైత్ దగ్గర కుడిభుజంలా ఉండే ఫ్రాంక్ సెల్కీ ఒకప్పుడు ఎలక్ట్రీషియన్ల యూనియన్ మనిషి. ఆయన తిన్నగా కార్మిక సంఘాల దగ్గరికి వెళ్ళి, "మీ కూలిలో ఇరవై శాతం నోట్లకి బదులు ఈ గార్డెన్స్ షేర్ల రూపంలో తీసుకోండి" అని అడిగాడు. వాళ్ళు ఒప్పుకున్నారు! వాళ్ళకీ మరో దారి లేదనుకో, ఊళ్ళో ఇంకెక్కడా పని లేదు. కూలీలే నమ్మి ముందుకొచ్చాక బ్యాంకువాళ్ళూ మెత్తబడ్డారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చే ముక్క ఇదే. ఇటుక పేర్చినవాడికీ, ఇనుము బిగించినవాడికీ ఆ హాల్లో వాటా ఉంది. కప్పులు, రికార్డులు అన్నీ తర్వాతే.

1931 జూన్ 1న తవ్వకం మొదలైంది, నవంబరు 12న మొదటి ఆట. అయిదున్నర నెలలు! మన దగ్గర కాలవ మీద చిన్న వంతెనకి శంకుస్థాపన రాయి పాతుకుపోవడానికే అంత టైము పడుతుంది. లోపల అడ్డంగా స్తంభాలు లేకుండా గుమ్మటం మొత్తం ఉక్కు కమానుల మీద నిలబెట్టారు. ఎక్కడ కూర్చున్నా ఆట కనిపించాలని.

మొదటి రాత్రి పదమూడు వేల పైచిలుకు జనం. మిలిటరీ బ్యాండులు వాయించారు. పెద్దమనుషులు మైకు పట్టుకుని వదలకపోతే జనం ఆట మొదలెట్టమని కేకలేశారు, మన సభల్లోలాగే. తీరా ఆట మొదలైతే, షికాగో జట్టులో మష్ మార్చ్ అనే కుర్రాడు మొదటి గోలు కొట్టాడు. మనవాళ్ళు 2-1తో ఓడిపోయారు. ఇక్కడి నుంచి నాకో సిద్ధాంతం ఉందిరా: ఆ భవనానికి ముహూర్తం ఎవరో బొత్తిగా చూడకుండా పెట్టారు. నవ్వకు, ముందు ముందు నువ్వే ఒప్పుకుంటావు.

ఓపెనింగ్ పోయినా సీజన్ పోలేదు. 1932 ఏప్రిల్లో అదే హాల్లో న్యూయార్క్ రేంజర్స్‌ని ఓడించి, లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్పు ఎత్తారు. గార్డెన్స్ కాలంలో మొత్తం పదకొండు కప్పులు వచ్చాయి. 1942లో అయితే ఏడు ఆటల ఫైనల్లో డెట్రాయిట్ చేతిలో వరసగా మూడు ఆటలు ఓడి, తర్వాత నాలుగూ గెలిచారు. ఫైనల్లో అలా మళ్ళీ ఎవరూ చెయ్యలేదు.

స్మైత్ కి ఇంకో పట్టింపు ఉండేది. ఖరీదైన ఎర్ర కుర్చీల్లో కూర్చునే మగాళ్ళు కోటూ టై కట్టుకునే రావాలి. హాకీ చూడ్డానికి పెళ్ళికొచ్చినట్టు రావాలన్నమాట. పై వరసల్లోవాళ్ళు మాత్రం పగలంతా ఫ్యాక్టరీలో చేసి తిన్నగా వచ్చేవాళ్ళు.

టికెట్ కొనలేని దేశమంతటికీ ఆట తీసుకెళ్ళింది రేడియో. వ్యాఖ్యాత ఫాస్టర్ హ్యూయిట్ తను ఎంత ఎత్తున కూర్చుంటే బాగుంటుందో తెలుసుకోవడానికి ఈటన్స్ వాళ్ళ బహుళ అంతస్తుల భవనం ఎక్కి, ఒక్కో అంతస్తు కిటికీలోంచి వీధిలో నడిచే మనుషుల్ని చూశాడట. అయిదో అంతస్తు సరిపోయిందట. అందుకని మంచుకి 56 అడుగుల ఎత్తున, కప్పు నుంచి వేలాడే చిన్న గదిలాంటిది కట్టారు. గొండోలా అనేవారు. దానికి చేరుకునే సన్నటి ఇనుప దారి చూసి కాళ్ళు వణికి వెనక్కి తిరిగినవాళ్ళున్నారట. శనివారం రాత్రి ఆయన కెనడాకీ, అమెరికాకీ, న్యూఫౌండ్లాండ్‌కీ విడివిడిగా నమస్కారం చెప్పేవాడు, ఎందుకంటే 1949 దాకా న్యూఫౌండ్లాండ్ వేరే. 1952లో టీవీ వచ్చాక కూడా ఆ గూట్లోనే.

1951 సంగతి చెప్పాలి. మాంట్రియల్‌తో ఫైనల్. అయిదు ఆటలు జరిగితే అయిదూ సమంగా ముగిసి ఓవర్‌టైమ్‌కి, అంటే అదనపు ఆటకి వెళ్ళాయి. ఆఖరిది ఏప్రిల్ 21న గార్డెన్స్‌లో. బిల్ బారిల్కో డిఫెన్స్ ఆటగాడు, అతని పని గోల్స్ ఆపడం. కోచ్ ముందుకు రావద్దని చెప్పే రకం కుర్రాడు. ఆ రోజు దూసుకొచ్చి, గాల్లోకి పడిపోతూ కొట్టాడు. కప్పు వచ్చేసింది. ఆ ఆగస్టులో చేపలు పట్టడానికి చిన్న విమానంలో ఉత్తరాన అడవుల్లోకి వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఎంత వెతికినా విమానం ముక్క దొరకలేదు. 24 ఏళ్ళు. ఆ తర్వాత జట్టుకి పదకొండేళ్ళు కప్పు లేదు. 1962 ఏప్రిల్లో గెలిచారు, జూన్‌లో ఆ విమానమూ అతని అవశేషాలూ దొరికాయి. ఇది నాకు చెప్పిన ముసలాయన "కావాలంటే తారీకులు చూసుకో" అన్నాడు. చూశాను. నిజమే.

ముహూర్తం సంగతికి మళ్ళీ వస్తున్నా. ఇప్పుడు మీవాడు రాత్రంతా మేలుకుని చూసే ఎన్‌బీఏ, ఆ బాస్కెట్‌బాల్ లీగు ఉంది కదా, అది తన చరిత్రలో మొట్టమొదటి ఆటగా లెక్కేసుకునేది ఈ హాల్లోదే: 1946 నవంబరు 1, టొరంటో హస్కీస్, న్యూయార్క్ నికర్‌బాకర్స్. ఆరడుగుల ఎనిమిది అంగుళాలున్న మా హస్కీస్ ఆటగాడు నోస్ట్రాండ్ కన్నా పొడుగైనవాళ్ళకి టికెట్ ఫ్రీ అని ప్రకటన కూడా ఇచ్చారు. ఫలితం? 68-66, న్యూయార్క్ గెలిచింది. మరుసటేడు హాకీ లీగు మొదటి అధికారిక ఆల్‌స్టార్ ఆట ఇక్కడే, కప్పు గెలిచిన లీఫ్స్ ఒక పక్క, మిగతా జట్ల మేటిలంతా ఇంకో పక్క. 4-3తో లీఫ్స్ ఓటమి. నేనేం చెప్పాను!

1961లో స్మైత్ తన వాటాని కొడుకు స్టాఫర్డ్‌కి అమ్మాడు. కొడుకుతో పాటు భాగస్వాములున్నారని తర్వాత తెలిసింది. అందులో ఒకడు హెరాల్డ్ బల్లార్డ్. ఈయన్ని ఎంత తిట్టినా తనివి తీరదు, కానీ కథ చెప్పేటప్పుడు ఈయన లేకపోతే ఉప్పు లేనట్టే. గోడ మీద రాణిగారి పెద్ద చిత్రపటం ఉండేది. దాన్ని తీసేసి ఆ చోట కుర్చీలు వేయించాడు. ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్ మూడేళ్ళు వరసగా వచ్చి పాడారు. వాళ్ళ కచేరీకి ఒకసారి ఎండాకాలంలో బల్లార్డ్ హీటర్లు పెంచి, మంచినీళ్ళ కుళాయిలు ఆపేయించి, కూల్‌డ్రింకులు అమ్మించాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1966లో వియత్నాం యుద్ధం గురించి అన్న మాటల వల్ల అమెరికాలో చాలా ఊళ్ళు మహమ్మద్ అలీ బాక్సింగ్ పోటీని వద్దంటే, గార్డెన్స్ తీసుకుంది. ఊరి బాక్సర్ జార్జ్ చువాలో పదిహేను రౌండ్లూ కింద పడకుండా నిలబడ్డాడు, పాయింట్ల మీద ఓడాడు. ఆ పోటీ పెట్టినందుకు కోపం వచ్చి, మాజీ సైనికుడు స్మైత్ డైరెక్టర్ పదవి వదులుకుని వెళ్ళిపోయాడు. తను కట్టిన హాల్లోంచే!

బల్లార్డ్ 1972లో మోసం, దొంగతనం నేరాల కింద జైలుకి వెళ్ళాడు, కంపెనీ డబ్బు సొంతానికి వాడుకున్నందుకు. తిరిగొచ్చి మళ్ళీ అదే కుర్చీ. ఆటగాళ్ళ పేర్లు చొక్కాల మీద వెయ్యాలని లీగు నియమం పెడితే, ప్రోగ్రాం పుస్తకాలు అమ్ముడుపోవని, నీలం చొక్కా మీద నీలం అక్షరాలతో వేయించాడు. పేర్లున్నాయి, చదవలేవు! భవనంలోనే ఒక ఇల్లు చేసుకుని ఉండేవాడు. ఇవన్నీ నవ్వుకుని వదిలెయ్యొచ్చు. హ్యూయిట్ గొండోలాని 1979లో పీకించి తగలబెట్టించడం మాత్రం నేను క్షమించలేను. మ్యూజియంలో పెట్టాల్సింది బూడిదైంది. 1967లో వచ్చిన కప్పే ఆఖరిది, ఆ తర్వాత ఇంతవరకూ లేదు. ఆటలో మెరుపులు లేవని కాదు. 1976 ఫిబ్రవరిలో డారిల్ సిట్లర్ బోస్టన్ మీద ఒక్క రాత్రి ఆరు గోల్స్ కొట్టి, మరో నాలుగింటికి బిళ్ళ అందించాడు. కొట్టినా, అందించినా ఒక్కో పాయింటు. ఆ పది పాయింట్లని ఇంకా ఎవరూ దాటలేదు.

నవ్వురాని సంగతి ఒకటుంది, అది దాస్తే కథ అబద్ధమవుతుంది. 1997లో మార్టిన్ క్రూజ్ అనే ఆయన బయటికి వచ్చి, చిన్నప్పుడు టికెట్ల ఆశ చూపించి అక్కడి ఉద్యోగులు తనని లైంగికంగా హింసించారని చెప్పాడు. ఆయన ధైర్యం చూసి పదుల మంది గొంతు విప్పారు. వాళ్ళలో ఒక నేరస్తుడికి పడిన శిక్ష చాలా తక్కువ. అది పడిన కొద్ది రోజులకే క్రూజ్ ప్రాణం తీసుకున్నాడు. మగపిల్లలూ ఇలాంటివి చెబుతారని, విని నమ్మాలని ఈ దేశం నేర్చుకోవడంలో ఆయన చేసింది తక్కువ కాదు.

1999 ఫిబ్రవరి 13న చివరి ఆట. మళ్ళీ షికాగోనే. మొదటి గోలు కొట్టిన మష్ మార్చ్ కి అప్పటికి తొంభై ఏళ్ళు. ఆయన్నీ, లీఫ్స్ తరపున ఎనభై తొమ్మిదేళ్ళ రెడ్ హార్నర్‌నీ పిలిచి ఆ తొలి ఆట బిళ్ళతోనే ఆరంభం చేయించారు. 6-2తో ఓడారు. ముహూర్తంలో దోషం ఆఖరి దాకా వదల్లేదు చూశావా?

జట్టు రేవు దగ్గరి కొత్త హాలుకి వెళ్ళిపోయింది. ఇది అయిదేళ్ళు దాదాపు ఖాళీ. 2004లో లాబ్లాస్ కొంది. కొంతమంది గుడి అమ్మేసినంత గోల చేశారు. నాకైతే కూల్చి అపార్టుమెంట్లు కట్టకపోవడమే పదివేలనిపిస్తుంది. యూనివర్సిటీ, దాని పేరు అప్పట్లో రయర్సన్, లాబ్లాస్‌తో కలిసి ఒప్పందం చేసుకుంది. ఖర్చులో విద్యార్థుల వాటా కూడా ఉంది, ఫీజులో కలిపి కట్టేలా వాళ్ళే ఓటేసి ఒప్పుకున్నారు. కూలీల షేర్లు గుర్తొచ్చాయా? గోడలూ గుమ్మటమూ ఉంచి లోపలంతా కొత్తగా కట్టారు. కింద 2011 చివర్లో కొట్టు తెరిచారు, మూడో అంతస్తులో 2012లో రింకు.

అంత ఎత్తున మంచు ఏంటని అడుగుతావు. కాంక్రీటు పలక కింద గొట్టాల వరసలుంటాయి, వాటిలో గడ్డకట్టని ద్రవం సున్నా కన్నా చల్లగా తిరుగుతుంది. పలక మీద నీళ్ళు పల్చటి పొరలుగా చల్లుతూ పోతే అంగుళం మందాన గట్టిపడుతుంది. కింద టమాటాలు, పైన స్కేట్లు. రింకులో నుంచుని తలెత్తితే పాత ఉక్కు కమానులు దగ్గరగా, చెయ్యి చాస్తే అందుతాయన్నట్టు కనిపిస్తాయి. ఇదివరకు పైవరసవాళ్ళకే అంత దగ్గర.

చిన్నికి చెప్పు: కొట్టులో 25వ వరసలో నేల మీద ఎర్ర చుక్క ఉంటుంది. పాత మైదానం నట్టనడుమ చోటు అది. చాలామంది బండి తోసుకుంటూ తొక్కేసి పోతారు. గుమ్మం దగ్గర పాత నీలం కుర్చీలతో చేసిన మేపుల్ ఆకు కూడా చూడమను. స్టూడెంట్ కార్డుంటే పై జిమ్ముకి వెళ్ళొచ్చు, యూనివర్సిటీ జట్ల ఆటలు కూడా అక్కడే.

2024 జనవరి 1న ఆడవాళ్ళ ప్రొఫెషనల్ హాకీ లీగు పుట్టింది కూడా ఆ రింకులోనే. లీగు చరిత్రలో మొదటి ఆట, టొరంటో, న్యూయార్క్. హాలు కిటకిట. న్యూయార్క్ అమ్మాయి ఎల్లా షెల్టన్ తొలి గోలు కొట్టింది. 4-0తో మనం ఓడాం. ఇంకేం అనను.

పిల్ల వచ్చాక మామయ్యగా హాకీకి నేనే తీసుకెళ్తాను, టికెట్ నాది. సీజన్లో మొదటి ఆటకి మాత్రం కాదురోయ్, రెండోదానికి.

నీ
రాము