మన ఎయిర్‌గన్ షూటింగ్ సంఘం వార్షిక నివేదిక: కానరాని పలకలు, మారిన ర్యాంకులు, మిగతా సంగతులు

సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడాదీ ఈ నివేదిక "సంఘం కార్యక్రమాలు దిగ్విజయంగా జరిగాయి" అని మొదలవుతుంది. కార్యదర్శిగా రాసేది నేనే కాబట్టి ఆ వాక్యం పాపం కూడా నాదే. ఈసారి కూడా అలాగే మొదలుపెడితే, సంక్రాంతి తర్వాతి ఆదివారం జరిగిన పోటీలో మధ్యాహ్నం బ్యాచ్‌లో తుపాకీ పట్టినవాళ్లు నన్ను రేంజ్ (గురి కొట్టే మైదానం) గేటు దగ్గరే ఆపుతారు. అందుకని ముందు చిన్న విషయాలు గబగబా చెప్పేసి అసలు గొడవలోకి వస్తాను.

గుట్ట కింద స్థలం లీజు ఇంకో మూడేళ్లు పొడిగించారు, అద్దె కొంచెం పెరిగింది. వేసవి శిబిరానికి పిల్లలు బాగానే వచ్చారు, సగం మంది మొదటి వారంలోనే మానేశారు, మిగిలిన సగంలో ఇద్దరు ముగ్గురు మనకంటే బాగా కొడుతున్నారు. షెడ్డు రేకులు గాలివానకు లేచిపోతే మార్పించాం. ఉదయం పూట నెమళ్లు గురుల వెనకున్న మట్టికట్ట మీదికి వస్తున్నాయి. అవి వెళ్లేదాకా ఎవరూ ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదన్న నియమం అలాగే ఉంది, ఎంత ఆలస్యమైనా సరే. లెక్కలు కోశాధికారి సమావేశంలో చదువుతారు. పెయింట్ ఖర్చు చూసి ఎవరూ ఉలిక్కిపడొద్దు, అదెందుకో కింద చెబుతున్నాను.

ఇక మూడు తుపాకుల పోటీ సంగతి.

కొత్త సభ్యుల కోసం రెండు ముక్కలు. మల్టీగన్ అనేది అమెరికాలో బాగా నడిచే ఆట: ఒకే పరుగులో పిస్టల్, రైఫిల్, షాట్‌గన్ మార్చుకుంటూ కాగితం గురులూ ఇనుప పలకలూ కొట్టుకుంటూ పోవాలి. చాలా పోటీల్లో లెక్క సులువు, పట్టిన సమయానికి తప్పుల జరిమానా సెకన్లు కలుపుతారు, తక్కువ వచ్చినవాడు గెలుస్తాడు. ఇలాంటి ఆటలన్నింటికీ మూలం అనదగ్గ అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య, అంటే ఐపీఎస్‌సీ 1976లో మిస్సోరిలోని కొలంబియా ఊళ్లో పుట్టింది, దానికి మొదటి అధ్యక్షుడు జెఫ్ కూపర్. మన దగ్గర లైసెన్సుల వ్యవహారం తెలిసిందే. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మామూలు మనిషికి మూడు ఆయుధాల పరిమితి రెండుకు తగ్గింది. అందుకే మనం ఎయిర్‌గన్‌లతోనే ఆ సరదా తీర్చుకుంటున్నాం. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు (గొట్టం లోపలి వెడల్పు) 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు మించని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. మన పోటీలో మొదట ఎయిర్ పిస్టల్, తర్వాత స్కోప్ (దూరాన్ని దగ్గరగా చూపే గొట్టం) లేని రైఫిల్, చివర స్కోప్ రైఫిల్. ఒక్కో తుపాకీ ఒక్కో టేబుల్ మీద. ఒకటి ఖాళీ చేసి పెట్టి, రేంజ్ ఆఫీసర్ (పోటీ నడిపే అధికారి) చూసి సరే అన్నాకే రెండోదాని దగ్గరికి నడక. పరుగు లేదు.

మొదటి రెండు స్టేజీలు (పోటీలోని అంచెలు) షెడ్డు నీడలో, దగ్గర దూరాల్లో అయిపోయాయి, వాటిమీద ఎవరికీ పేచీ లేదు. గొడవంతా మూడో స్టేజీదే. 35 మీటర్ల దూరంలో ఎర్రమట్టి కట్ట ముందు అరచేతి సైజు ఇనుప పలకలు ఎనిమిది, వాటి మధ్య కొట్టకూడని పలకలు మూడు. కొట్టాల్సినవాటిలో ఒకటి గుండురాయి వెనక సగం దాక్కుని ఉంది. అలా దాచాలన్న గొప్ప ఆలోచన నాదే, ఒప్పుకుంటున్నాను.

ఉదయం తొమ్మిదికి మొదటి బ్యాచ్ నిలబడినప్పుడు పలకలు మల్లెపూలలా ఉన్నాయి. ఆరోజు పొద్దున్నే తెల్ల పెయింట్ కొట్టాం, ఎండ వెనకనుంచి పడుతోంది, ఏడు పలకలు ఎదురుగా మెరుస్తున్నాయి. మధ్యాహ్నం మూడున్నరకు ఆఖరి బ్యాచ్ వచ్చింది. మన రేంజ్ ముఖం పడమటికి, కొంచెం నైరుతికి తిరిగి ఉంటుంది. జనవరిలో ఆ వేళకు సూర్యుడు సరిగ్గా అటే దిగుతాడు. అంటే షూటర్ కళ్లలో ఎండ, పలక ముఖం మీద నీడ. దానికి తోడు పొద్దుటినుంచి తగిలిన పెల్లెట్లతో (ఎయిర్‌గన్ సీసపు గుళ్లు) పెయింట్ పెచ్చులు లేచిపోయి, సీసం మరకలు పట్టి పలకలన్నీ బూడిద రంగుకొచ్చాయి. కుడి చివరి రెంటి మీద వేపచెట్టు నీడ కదులుతోంది. దేవరకొండ నుంచి వచ్చిన సభ్యుడొకాయన స్కోప్‌లో కన్ను పెట్టి, తీసి, చేత్తో ఎండకు అడ్డం పెట్టుకుని, మళ్లీ పెట్టి, చివరికి రేంజ్ ఆఫీసర్ వైపు తిరిగి "అన్నా, ఆరోది యాడుంది? నాకైతే కానొస్తలేదు" అన్నాడు. గడియారం తిరుగుతూనే ఉంది. రేంజ్ ఆఫీసర్ చెప్పకూడదు, చెప్పలేదు. ఆ ఒక్క పలక వెతకడానికే ఆయనకు ఇరవై సెకన్ల దాకా పోయింది. కొట్టడానికి మాత్రం ఒకటే పెల్లెట్ చాలింది.

బహుమతులు ఇచ్చేసి ఫొటోలు దిగాక గొడవ మొదలైంది. మొదటి ఐదుగురిలో నలుగురు ఉదయం బ్యాచ్‌వాళ్లే. అందులో మూడో స్థానం నాది.

మొదట నేను కూడా కొట్టిపారేశాను. ఓడినవాడు ఎండమీద చెబుతాడు, గాలిమీద చెబుతాడు, మామూలే కదా అనుకున్నాను. సాక్ష్యం చూపిద్దామని మధ్యాహ్నం బ్యాచ్‌వాళ్లు, మూడున్నరకు షూటర్ నిలబడే చోటునుంచి ఎవరో తీసిన ఫొటో వాట్సాప్ గ్రూపులో పెడితే, అందులో పలకలు చక్కగా కనిపిస్తున్నాయి! "ఇగో, ఇంత స్పష్టంగా ఉంటే కానరాలేదంటరేంది" అని ఉదయం బ్యాచ్ ఎగిరింది. మేమూ రెండు రోజులు అదే పట్టుకు వేలాడాం. తర్వాత తెలిసిందేమిటంటే ఇప్పటి ఫోన్ కెమెరా తనంతట తానే నీడను వెలిగించి, ఎండను తగ్గించి బొమ్మ కడుతుంది. కంటికి ఆ సౌకర్యం లేదు. ఆ తర్వాతి ఆదివారం అదే వేళకు కార్యవర్గం మొత్తం వెళ్లి, పలకలకు పెయింట్ వేయకుండా, ఒక్కొక్కరం స్కోప్‌లోంచి చూశాం. నేను ఎనిమిదింటిలో ఐదు లెక్కపెట్టాను. ఎక్కడున్నాయో తెలిసి కూడా ఐదే. ఇంక మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

అయితే అన్యాయం ఒక్క వైపే జరగలేదు, ఈ ముక్క కూడా రాయకపోతే ఉదయం బ్యాచ్‌కు అన్యాయం చేసినవాణ్ని అవుతాను. గుండు వెనక దాచిన పలక ఉంది చూశారా, అది మొదట నిలబడ్డ నలుగురైదుగురిని ముప్పుతిప్పలు పెట్టింది. వాళ్లను చూస్తూ వెనక కూర్చున్నవాళ్లకు అదెక్కడుందో తెలిసిపోయింది. టీ తాగే వేళకు ఆ సంగతి తెలియనివాడు లేడు. అంటే పెయింట్ పోవడం తర్వాతి వాళ్లను ముంచింది, దాగుడుమూతలు ముందు వాళ్లను ముంచాయి. ఎవరికి ఎన్ని సెకన్లు కలపాలో, ఎవరికి తీయాలో తేల్చే లెక్క ఏదీ లేదు, వనపర్తి నుంచి వచ్చే లెక్కల మాస్టారే చేతులెత్తేశారు.

సర్వసభ్య సమావేశంలో మన పెద్దాయన వాదన మీకు గుర్తుండే ఉంటుంది. "ఎతుకుడు గూడ ఆటలో భాగమే. అడివిల పిట్టకు సున్నం పూస్తరా ఏంది?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడు వెనక వరుసలోంచి ఒకమ్మాయి లేచి "పిట్టకు పూయరు గానీ పెద్దయ్యా, క్లే బిళ్లకు పూస్తరు" అంది. నిజమే. షాట్‌గన్‌తో ఆడే ట్రాప్, స్కీట్ ఆటల్లో ఎగిరే ఆ 110 మిల్లీమీటర్ల బిళ్ల, వెనకున్న ఆకాశానికో చెట్లకో వేరుగా కనిపించే రంగులోనే ఉండాలని అంతర్జాతీయ నియమాలే చెబుతున్నాయి. హైదరాబాద్‌కు చెందిన కినన్ షెనాయ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్‌లో కాంస్యం కొట్టింది అలాంటి బిళ్లల మీదే. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అయితే గురి మీద వెలుగు కనీసం 1500 లక్స్ ఉండాలని కొలిచి మరీ పెడతారు, అక్కడ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ఆ చుక్కను కొట్టడమే కష్టం, దాన్ని వెతకడం కూడా కష్టం చేయాలని వాళ్లెవరికీ తోచలేదు. ఆరుబయట రేంజ్ కట్టేటప్పుడు సూర్యుడు వీలైనంత సేపు షూటర్ వెనక ఉండేలా చూసుకోవాలని కూడా ఆ నియమాల్లో ఉంది. మనం మాత్రం గుట్ట ఎటుంటే అటు తిరిగాం.

పెద్దాయన మాటలో నిజం లేదని కాదు. దాచిన గురి మల్టీగన్‌లో ఉంటుంది, ఉండొచ్చు కూడా. కానీ దాచినది అందరికీ ఒకేలా దాగి ఉండాలి. గంట గంటకూ ఇంకొంచెం మాయమయ్యే పలక దాచినది కాదు, మనం పట్టించుకోనిది.

సమావేశం అయ్యాక ఇంకో సంగతి బయటపడింది, నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. కొట్టకూడని మూడు పలకలకు ఎరుపు వేశాం, ఆపమన్నట్టు ఉంటుందని. వెనక ఎర్రమట్టి. పక్కనే గుర్తు కోసం పాతిన కర్రలు ఆకుపచ్చవి. మనలో ఒక సభ్యుడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. పుట్టుకతో వచ్చినదే, మగవాళ్లలో ఎక్కువగా ఉండేదే. ఆయన మూడేళ్లుగా పోటీకి వస్తూ, కొట్టకూడనివి ఏవో పక్కవాళ్లను చూసి బట్టీ పట్టి, ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చాడు. ఈసారి ఒకటి కొట్టి జరిమానా పడ్డా నోరు విప్పలేదు. షెడ్డు తాళం వేస్తుంటే దగ్గరికొచ్చి "సార్, దానిమీద ఇంటూ మార్కు పెడితే బాగుంటది" అని మాత్రం అన్నాడు. ఎందుకని నేను రెండుసార్లు గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు. పెద్ద పోటీల్లో కొట్టకూడని గురి మీద పెద్ద ఇంటూ మార్కు వేసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. మనకు ఎరుపు సరిపోతుందనిపించింది, ఎందుకంటే మన కళ్లకు సరిపోయింది కాబట్టి.

నిర్ణయాలు ఇవి. మూడో స్టేజీ ఫలితాలు పూర్తిగా రద్దు. అందరికీ ఒకేలా లేని స్టేజీని లెక్కలోంచి తీసేయడం ఈ ఆటలో కొత్తేమీ కాదు. మళ్లీ కొట్టిద్దామంటే ఇప్పుడు పలకలు ఎక్కడున్నాయో ఊరందరికీ తెలుసు. మొదటి రెండు స్టేజీలతో ర్యాంకులు మళ్లీ లెక్కేస్తే దేవరకొండ సభ్యుడు రెండో స్థానానికి వచ్చాడు, నేను ఏడుకు దిగాను. మా టీవీ పక్కన పది రోజులు మెరిసిన మెడల్ వాపసు ఇచ్చాను. సంతోషంగా ఇచ్చానని రాస్తే మా ఇంట్లోవాళ్లే నవ్వుతారు.

ఇకమీదట 35 మీటర్ల స్టేజీ ఉదయం 8 నుంచి 11 లోపే జరుగుతుంది. మనిషికి 5 నిమిషాలనుకుంటే 34 మందికి 170 నిమిషాలు, సరిపోతుంది, ఎవరూ టిఫిన్ పేరు చెప్పి మాయం కాకపోతే. మధ్యాహ్నం షెడ్డు కింది స్టేజీలే. పోటీ మొదలుకాక ముందు అందరూ కలిసి ఒకేసారి స్టేజీ నడిచి చూస్తారు, దాచిన పలక ఉంటే అప్పుడే చూపిస్తాం. ప్రతి షూటర్ తర్వాత పలకలకు మళ్లీ పెయింట్. సున్నం వాడి చూశాం, చవకే గానీ ఆరేలోపు కారిపోతోంది, తగిలిన చోట అచ్చు కూడా సరిగా పడటం లేదు. స్ప్రే డబ్బాలే దిక్కు, ఖర్చు పెరిగింది అందుకే. పెయింట్ వేసేవాళ్లు ముందుకు వెళ్లినప్పుడు తుపాకులన్నీ ఖాళీగా టేబుల్ మీద, మనుషులంతా గీత వెనక, ఎర్ర జెండా పైన. పలకలను కొంచెం ముందుకు వంచి కట్టిస్తున్నాం, పెల్లెట్ నేలకు దిగుతుంది; అయినా కళ్లద్దాలు చూసేవాళ్లకు కూడా తప్పనిసరి. ఒకవేళ పెయింట్ వేయడం మరిచి ఎవరినైనా పిలిస్తే అది మన తప్పు, ఆ షూటర్‌కు మళ్లీ అవకాశం ఇవ్వాల్సిందే, స్కోరు బాగా వచ్చినా సరే.

చత్వారం వచ్చిన సభ్యులు స్కోప్ లేని రైఫిల్ గురించి పెట్టిన అర్జీ ఇంకా పెండింగ్‌లో ఉంది. నలభై ఐదు దాటాక వెనక సైటు, ముందు సైటు, పలక మూడూ ఒకేసారి స్పష్టంగా కనిపించవు, అది నిజం. వయసు వారీగా విభాగం పెట్టాలా, పలక సైజు పెంచాలా అన్నది తేలలేదు, నాకైతే విభాగమే మేలనిపిస్తుంది. వచ్చే సమావేశంలో ఓటుకు పెడతాం.

పెయింట్ డ్యూటీ చీటీ షెడ్డు తలుపుకు అంటించాను, మొదటి పేరు నాదే. కొత్త పలకలకు ఏ రంగులు కొనాలో చూసే పని ఇంటూ మార్కు అడిగిన సభ్యుడికే అప్పజెప్పాం. డబ్బాలు పట్టుకుని మట్టికట్ట దాకా వెళ్లి, పక్కపక్కన పూసి, వెనక్కి నడిచి చూసుకుని వచ్చి, పసుపు, నలుపు తెమ్మన్నాడు. తెచ్చాం.

ఇట్లు,
కార్యదర్శి