ఫర్నేస్ బోర్డు అడిగే ముందు వోల్టేజీ ఎంతో చెప్పండి

చలికాలం ఫోన్లు మొదలయ్యాయి కాబట్టి మా కస్టమర్లకు ముందే చెప్పేస్తున్నాం. ట్రావెల్ ట్రైలర్‌ను (బండి వెనక లాక్కెళ్లే చిన్న ఇల్లు) గ్యాస్‌తో వెచ్చబరిచే ఫర్నేస్‌ కంట్రోల్ బోర్డును (దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పలకను) ఇకమీదట అడగ్గానే అమ్మం. "బ్లోయర్ తిరుగుతోంది, వేడి రావట్లేదు, బోర్డు పోయినట్టుంది, ఒకటి పంపండి" అంటే ముందు రెండు సంగతులు అడుగుతాం. బ్లోయర్, అంటే గాలి తోసే ఫ్యాను, తిరుగుతుండగా ఫర్నేస్ దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయి? థర్మోస్టాట్ (గది వేడిని బట్టి ఫర్నేస్‌ను నడిపే గోడ స్విచ్) వైర్లు రెండూ కలిపితే ఏమైంది? ఇవి తెలియకుండా బోర్డు అమ్మితే మాకు బేరం, మీకు నష్టం. ఒకసారి బిగించిన ఎలక్ట్రానిక్ సామాను వెనక్కి తీసుకోలేం. బోర్డు మార్చినా ట్రైలర్ చల్లగానే ఉందని చెప్పినవాళ్లకు మా దగ్గర సరైన సమాధానం లేకపోయింది. అడగాల్సింది అడక్కుండా అమ్మడం మా తప్పే.

బోర్డులు పోవని కాదు, పోతాయి. కానీ మిగతావన్నీ చూశాక అనుమానించాల్సింది బోర్డును. దానికి ముందు చూడాల్సినవాటిలో సగం మీరే చూసుకోవచ్చు. కావాల్సిందల్లా ఒక మామూలు మల్టీమీటరు, కాస్త ఓపిక, రెండు చెవులు.

చెవులు ఎందుకంటే, ఈ ఫర్నేస్ ఎప్పుడూ ఒకే వరసలో మొదలవుతుంది. థర్మోస్టాట్ చేసే పని నిజానికి ఒక్కటే, రెండు వైర్లను కలపడం. అవి కలిశాక బ్లోయర్ తిరుగుతుంది. పాత సబర్బన్ కంపెనీ మోడళ్లలో కాస్త ఆగి కలిసే స్విచ్ (టైమ్ డిలే రిలే) ఉంటుంది కాబట్టి అది మొదలవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, కంగారుపడొద్దు. బ్లోయర్ వేగం అందుకోగానే ఆ గాలికి సెయిల్ స్విచ్ రెక్క వాలి స్విచ్ కలుస్తుంది. లిమిట్ స్విచ్ మామూలుగా కలిసే ఉంటుంది, మరీ వేడెక్కితేనే తెగుతుంది. ఈ రెండూ సరిగా ఉన్నాయని తెలిశాక బోర్డు సుమారు 15 సెకన్లు ఆగుతుంది. ఛాంబర్‌లో పాత గ్యాస్ ఏమైనా ఉంటే బయటికి పోవడానికి ఆ వ్యవధి. తర్వాత గ్యాస్ వాల్వు "టక్" మంటుంది, దాంతోపాటే స్పార్కు "టిక్ టిక్ టిక్" మని ఓ ఏడు సెకన్లు కొడుతుంది, మంట "భుస్సు" మని అంటుకుంటుంది. మంట ఉందని బోర్డు గుర్తించకపోతే గ్యాస్ కట్టేస్తుంది. ఎక్కువ బోర్డులు మూడుసార్లు ప్రయత్నించి లాకౌట్‌లోకి వెళ్తాయి, అంటే ఇక ప్రయత్నించకుండా ఆగిపోతాయి. థర్మోస్టాట్ ఆపి మళ్లీ వేస్తే గానీ అది తిరిగి మొదలవదు. ఇక మంట ఆరిపోయాక కూడా బ్లోయర్ నిమిషంన్నర దాకా తిరుగుతుంది. అది రిపేరు కాదు, లోపలి వేడిని బయటికి తోయడం.

కాబట్టి ఎక్కడిదాకా వచ్చి ఆగిందో వింటే సగం రోగం తెలిసినట్టే. అసలు చప్పుడే లేకపోతే థర్మోస్టాట్, ఫ్యూజు, లేదా ఫర్నేస్ మీదే ఉండే చిన్న ఆన్ ఆఫ్ స్విచ్ చూడాలి. ఈ చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. ఏదో సర్దుతూ చెయ్యి తగిలినా అది ఆఫ్ అవుతుంది. బ్లోయర్ తిరుగుతూనే ఉండి "టక్" వినపడకపోతే వోల్టేజీ, సెయిల్ స్విచ్, గాలి దారి. టక్, టిక్ టిక్ రెండూ వినిపించి మంట లేకపోతే గ్యాస్ లేదా ఎలక్ట్రోడ్ (స్పార్కు కొట్టే ముల్లు). మంట వచ్చి కొన్ని సెకన్లకే ఆరిపోతే మంటను గుర్తించడంలో లోపం, లేదా గ్యాస్ ప్రెషర్ పడిపోవడం.

మాకు వచ్చే ఫోన్లలో రెండో రకమే ఎక్కువ, బ్లోయర్ తిరుగుతుంది కానీ అంటుకోదు. అక్కడే అందరూ బోర్డును అనుమానిస్తారు. చాలాసార్లు ఆ బోర్డు తన పని తాను సరిగ్గానే చేస్తుంటుంది. బ్లోయర్ తన పూర్తి వేగంలో సుమారు 75 శాతం అందుకుంటే గానీ సెయిల్ స్విచ్ కలవదు. బ్యాటరీ నీరసంగా ఉంటే ఫ్యాను తిరుగుతున్నట్టే ఉంటుంది, చప్పుడూ వస్తుంది, కానీ రెక్కను తోసేంత గాలి రాదు. గాలి సరిపోలేదు కాబట్టి బోర్డు గ్యాస్ వదలదు. అలా వదలకపోవడమే మీకు రక్ష.

కొలిచే పద్ధతి ఇది. మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. బ్లోయర్ తిరుగుతుండగానే ఫర్నేస్‌లోకి వచ్చే పవర్ వైరుకీ గ్రౌండ్ వైరుకీ ముళ్లు ఆనించండి. ఫర్నేస్ ఆగి ఉన్నప్పుడు కొలిస్తే ఏమీ తెలియదు, బరువు పడినప్పుడే బండారం బయటపడుతుంది. తయారీదారులు అడిగేది సాధారణంగా 10.5 నుంచి 13.5 వోల్టులు. 10.5 అంచున వేలాడుతుంటే ఫర్నేస్‌ను తిట్టి లాభం లేదు. ఆ తర్వాత బ్యాటరీ టెర్మినళ్ల మీద కూడా, బ్లోయర్ తిరుగుతుండగానే, కొలవండి. బ్యాటరీ దగ్గర 12.4, ఫర్నేస్ దగ్గర 11.2 ఉంటే ఆ 1.2 వోల్టులు దారిలో ఎక్కడో తుప్పు పట్టిన జాయింటు తినేస్తోంది. గ్రౌండ్ స్క్రూ, వదులైన క్రింపు (నొక్కి బిగించిన వైరు కొన), ఫ్యూజు హోల్డరు, మెలితిప్పి ప్లాస్టిక్ టోపీ పెట్టిన జాయింట్లు ఒక్కొక్కటే చూడండి. తేడా అర వోల్టు దాటితే వెతకడం మొదలుపెట్టాల్సిందే.

బయటి కరెంటు పెట్టినప్పుడు బాగా పనిచేసి బ్యాటరీ మీద పనిచేయకపోతే ఇంకో పరీక్ష అక్కర్లేదు, తప్పు బ్యాటరీ వైపే. రాత్రి పదింటికి వెచ్చగా ఉండి తెల్లవారుజామున చల్లబడిందన్నా అదే కథ. లెక్క వేసి చూడండి. బ్లోయర్ 7 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. రాత్రి పది గంటల్లో సగం సేపు తిరిగినా 35 ఆంపియర్ అవర్లు అయిపోయాయి. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో, దాన్ని పాడుచేసుకోకుండా వాడుకోదగ్గది సగమే. దాని మీదే లైట్లు, నీళ్ల పంపు, ఫ్రిజ్ బోర్డు కూడా బతకాలి. ఇక మిగిలేది ఎంత?

వోల్టేజీ బాగుందా? అయితే సెయిల్ స్విచ్ సంగతి చూడండి. బొటనవేలంత మైక్రో స్విచ్, దానికి పల్చటి రేకు రెక్క, అంతే. పెంపుడు కుక్క ఉన్న ట్రైలర్లో దీన్ని బయటికి తీస్తే రెక్క అంచుకు బొచ్చు, దుప్పట్ల నూగు కలిసి చిన్న దూది ఉండలా చుట్టుకుని కనిపిస్తుంది. ఆ ఉండ రెక్కను పూర్తిగా వాలనివ్వదు, లేదా వాలినచోటే ఇరికించేస్తుంది. ఇరుక్కుపోతే మరో చిక్కు ఉంది. కొన్ని బోర్డులు మొదలయ్యే ముందే ఈ స్విచ్‌ను చూస్తాయి. ఫ్యాను తిరక్కముందే స్విచ్ కలిసి ఉందంటే ఏదో తేడా ఉందని అసలు బ్లోయర్‌నే మొదలుపెట్టవు. పవరు, గ్యాస్ రెండూ కట్టేసి, స్విచ్ తీసి, మెత్తటి బ్రష్‌తో నూగు దులపండి. రెక్కను వంచి సరిచేయాలని చూడొద్దు, వంగిన రెక్కతో కొలత మారిపోతుంది. మీటరును కంటిన్యూటీలో (దారి కలిసిందో తెగిందో చూపే సెట్టింగు) పెట్టి చూస్తే, రెక్క వదిలేసినప్పుడు తెగి ఉండాలి, వేలితో మెల్లగా నొక్కితే కలవాలి. అనుమానంగా ఉంటే కొత్తది వేయండి. ఫర్నేస్ మొత్తంలో చౌకైన భాగాల్లో ఇదొకటి.

సెయిల్ స్విచ్‌ను వైరుతో బైపాస్ చేసి రాత్రంతా నడిపేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఫ్యాను మధ్యలో ఆగిపోతే గ్యాస్ కట్టమని చెప్పడానికే ఆ స్విచ్ ఉంది.

ఇక థర్మోస్టాట్. గోడ మీద తీగ లివరుతో ఉండే పాత రకమైతే పరీక్ష చాలా సులువు. మూత తీసి, రెండు వైర్లూ విప్పి ఒకదానికొకటి ఆనించండి. ఫర్నేస్ మొదలైతే తప్పు థర్మోస్టాట్‌ది. మొదలవకపోతే ఫర్నేస్ దగ్గరికి వెళ్లి అక్కడ చేరే థర్మోస్టాట్ వైర్లను కలపండి. అక్కడ కలిపితే మొదలై గోడ దగ్గర కలిపితే మొదలవలేదంటే మధ్యలో వైరు తెగింది. గోడ లోపల స్టేపుల్ పిన్ను గుచ్చుకుని తెగిన వైర్లు ఉంటాయి. ఈ పరీక్షలో ఒక జాగ్రత్త ఉంది. ఏసీని, ఫర్నేస్‌ను రెంటినీ నడిపే డిజిటల్ థర్మోస్టాట్‌లో, టెలిఫోను తీగ లాంటి సన్నటి కేబుల్ ఉంటే దాని వైర్లు కలపొద్దు. అది డేటా లైను. అలాంటి ట్రైలర్లలో ఫర్నేస్‌కి వెళ్లే రెండు వైర్లు పైకప్పు ఏసీ కంట్రోల్ బాక్సులో ఉంటాయి, కలపాల్సింది అక్కడ.

ఇంటి థర్మోస్టాట్ తెచ్చి పెట్టొచ్చా అని అడుగుతుంటారు. లోపల సొంత బ్యాటరీలతో నడుస్తూ, కేవలం రెండు వైర్లను కలిపే రకమైతే పర్వాలేదు. 24 వోల్టుల ఏసీ కరెంటు కావాలనే రకం పనికిరాదు, మన ట్రైలర్లో ఉన్నది 12 వోల్టుల డీసీ. బ్యాటరీ సెల్స్‌తో నడిచేదైతే చలికాలం ముందే కొత్త సెల్స్ వేయండి. స్క్రీన్ వెలుగుతోందంటే సెల్స్ బాగున్నాయని కాదు, లోపలి రిలేను లాగే బలం వాటికి లేకపోవచ్చు.

థర్మోస్టాట్ బాగానే ఉండి ఫర్నేస్ అదే పనిగా నడుస్తుంటే థర్మోస్టాట్‌ను గోడ నుంచి కాస్త విప్పి, వైర్లు వచ్చే రంధ్రం దగ్గర తడి వేలు పెట్టండి. చల్లగాలి తగులుతుంది. గోడ డొల్లలోంచి వచ్చే ఆ గాలి థర్మోస్టాట్‌ను వెనకనుంచి చల్లబరుస్తుంది, గది ఉక్కపోస్తున్నా అది ఇంకా వేడి అడుగుతూనే ఉంటుంది. చిటికెడు పుట్టీ పెట్టి ఆ రంధ్రం మూసేస్తే సరి. కొత్త థర్మోస్టాట్ కొన్నా ఆ రంధ్రం అలాగే ఉంటే అదే తంతు.

గ్యాస్ విషయానికొస్తే, స్టవ్ వెలుగుతోంది కాబట్టి గ్యాస్ బాగుందనుకోవడం సగమే నిజం. గంటకు 30,000 బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) ఫర్నేస్ లాగే గ్యాస్ ముందు స్టవ్ బర్నరు ఒకటి లాగేది చాలా తక్కువ. అందుకే ఇలా చూడండి. ఒక బర్నరు వెలిగించి ఉంచి, ఫర్నేస్ మొదలుపెట్టండి. "టక్" మన్న క్షణంలో స్టవ్ మంట కుంగిపోతే రెగ్యులేటర్ గానీ, సిలిండర్ గానీ చాలినంత ఇవ్వట్లేదు. సిలిండర్ వాల్వు గబుక్కున తిప్పితే లోపలి సేఫ్టీ పరికరం గ్యాస్ లీకనుకుని ప్రవాహాన్ని తగ్గించేస్తుంది. అలాంటప్పుడు వాల్వు పూర్తిగా మూసి, కాసేపాగి, మెల్లగా తెరవండి. సిలిండర్ మార్చాక లైన్లో గాలి ఉంటుంది కాబట్టి ముందు స్టవ్ వెలిగించాకే ఫర్నేస్ జోలికి వెళ్లండి. సరైన ప్రెషర్ 11 అంగుళాల నీటి మట్టం, అంటే అంత ఎత్తు నీటిని నిలబెట్టేంత. అది మానోమీటరుతో (ప్రెషర్ కొలిచే పరికరం) కొలిచి సరిచేసే పని, మాకు వదిలేయండి. ప్రొపేన్ సున్నాకు దిగువన 42 డిగ్రీల సెల్సియస్ దాకా ఆవిరవుతూనే ఉంటుంది. బ్యూటేన్ మాత్రం సున్నా దగ్గరే మొండికేస్తుంది. బ్యూటేన్ కలిసిన సిలిండర్‌తో గడ్డకట్టే చలిలోకి వెళ్తే లోపల బరువు ఉన్నా గ్యాస్ రాదు. ఇంకో లెక్క కూడా దగ్గర పెట్టుకోండి. 30 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్‌తో ఆ 30,000 బీటీయూల మంట ఆగకుండా మండితే సుమారు 21 గంటలు వస్తుంది.

ఎలక్ట్రోడ్ గ్యాపు సుమారు 3 మిల్లీమీటర్లు. పింగాణీ మీద వెంట్రుకవాసి పగులున్నా స్పార్కు పక్కదారి పడుతుంది, మార్చడం తప్ప మందు లేదు. బయట ఎగ్జాస్ట్ గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కడతాయి. వేసవంతా నిలబెట్టిన ట్రైలరైతే టార్చి వేసి చూడండి. దానికి జాలీ బిగించడం గురించి మాత్రం మీ మోడల్ మాన్యువల్ చూడండి, కొందరు తయారీదారులు వద్దనే అంటారు. వేడి వచ్చి, మధ్యలో మంట ఆగి, ఫ్యాను మాత్రం తిరిగి, మళ్లీ అంటుకుంటుంటే లిమిట్ స్విచ్ తన పని తాను చేస్తోంది. మంచం కింద సామాన్లు కుక్కినప్పుడు నలిగిన డక్టు గొట్టం, గాలి ఫర్నేస్‌కు తిరిగి వెళ్లే దారిలో మూసుకుపోయిన రిటర్న్ గ్రిల్లు వెతకండి.

బయటి వెంట్ చుట్టూ నల్లటి మసి కనిపించినా, ఫర్నేస్ నడుస్తుంటే లోపలున్నవాళ్లకు తలనొప్పి, వికారం వచ్చినా ఇక పరీక్షల్లేవు. అందరూ బయటికి రండి, ఫర్నేస్ వాడొద్దు. హీట్ ఎక్స్ఛేంజర్ (మంట పొగ గది గాలిలో కలవకుండా వేడిని మాత్రం అందించే లోహపు పెట్టె) పగిలితే కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు. దాన్ని పసిగట్టే డిటెక్టరు వెనక ముద్రించిన గడువు తేదీ చూడండి. టెస్ట్ బటన్ నొక్కితే మోగినా గడువు దాటినదాన్ని నమ్మొద్దు. హీట్ ఎక్స్ఛేంజర్, గ్యాస్ వాల్వు పనులు ఫోన్లో చెప్పం, సామాను విడిగా అమ్మం.

మా దగ్గర ఇకమీదట సెయిల్ స్విచ్‌లు, లిమిట్ స్విచ్‌లు, ఎలక్ట్రోడ్లు, వాటి గాస్కెట్లు ఎప్పుడూ ఉంటాయి. బోర్డులు మాత్రం మోడల్, సీరియల్ నంబర్లు చూసి తెప్పిస్తాం. ఫర్నేస్‌లు తయారుచేసే అట్‌వుడ్‌ను 2014లో డొమెటిక్ కంపెనీ కొనేసింది కాబట్టి మీ లేబుల్ మీద ఏ పేరున్నా ఫోటో పంపండి, సరిపడే భాగం మేం చూస్తాం. ఫోటోతోపాటు ఆ రెండు వోల్టేజీ అంకెలు, థర్మోస్టాట్ ఆన్ చేసిన దగ్గర్నుంచి రెండు నిమిషాల ఆడియో పంపితే చాలు. ట్రైలర్ తీసుకొచ్చేటప్పుడు సిలిండర్‌లో గ్యాస్ ఉంచండి. బ్యాటరీని మాత్రం మీరు బయటికెళ్లినప్పుడు ఏ స్థితిలో ఉందో అలాగే తెండి. ముందు రాత్రి ఛార్జి పెట్టేస్తే మేం చూడాల్సిన తప్పు మాయమైపోతుంది.