తైమూర్ దగ్గరే ఆపేస్తే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో మధ్య ఆసియా రాజు తైమూర్ మీద వేసిన పేజీ మొత్తం చదివానండీ. ఢిల్లీ మీద దాడి, పుర్రెల గోపురాలు, ఇస్ఫహాన్ ఊచకోత అన్నీ రాశారు, అందులో తప్పుపట్టేదేం లేదు. 1398 డిసెంబర్లో ఢిల్లీ యుద్ధానికి ముందు లక్షమంది బందీల్ని చంపించాడని అతన్ని ఆకాశానికెత్తిన చరిత్రకారులే రాసుకున్నారు, దాన్ని ఎవరూ తుడిచెయ్యలేరు, తుడిచెయ్యకూడదు కూడా. కానీ 1405లో చనిపోయాడు అని ఒక్క ముక్క రాసి వ్యాసం ముగించేశారు చూడండి, అక్కడే నాకు చాలా బాధేసింది. ఎందుకంటే ఆ తర్వాత వందేళ్లపాటు అతని వంశం సమర్‌కంద్‌లో (ఇప్పటి ఉజ్బెకిస్తాన్), హెరాత్‌లో (ఇప్పటి అఫ్గానిస్తాన్) పాలించింది, చెప్పుకోవాల్సిందంతా అప్పుడే జరిగింది.

మనవడు ఉలుగ్ బేగ్‌నే తీసుకోండి. పదిహేనేళ్ల వయసులో సమర్‌కంద్ చేతికొచ్చింది, ఇంకొకడైతే తాతలాగా దండయాత్రలకి పోయేవాడేమో, ఈయన మదరసా కట్టించి లెక్కలు, ఖగోళం తెలిసినవాళ్లని పిలిపించుకున్నాడు. వాళ్లలో అల్ కాషీ అనే ఆయన పై (π) విలువని 16 దశాంశ స్థానాల దాకా లెక్కగట్టాడు, అదీ 1424లో! ఈ కాషీ తన తండ్రికి రాసిన ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. సుల్తాను గుర్రం మీద పోతూ పోతూ సూర్యుడి స్థానాన్ని డిగ్రీలు, నిమిషాలతో సహా నోటిలెక్కగా కట్టేశాడట, కిందికి దిగగానే సరిగ్గా వచ్చిందా అని ఈయన్ని అడిగాడట. రాజు తన లెక్క సరిచూడమని పండితుణ్ణి అడగడం, అది ఆ రోజుల్లో ఎంత పెద్ద విషయమో ఆలోచించండి.

ఇక నక్షత్రాల్ని కొలవడానికి ఉలుగ్ బేగ్ సమర్‌కంద్‌లో కట్టించిన అబ్జర్వేటరీ సంగతి. 1908లో వ్యాట్కిన్ అనే రష్యన్ ఆర్కియాలజిస్టు ఒక పాత దస్తావేజు పట్టుకుని చోటు కనిపెట్టి తవ్వించాడు. కొండరాతిని తొలిచి ఉత్తర దక్షిణాలుగా ఒక పెద్ద వంపు, దాని మీద పాలరాయి పరిచి డిగ్రీల గీతలు. వంపు వ్యాసార్ధం దాదాపు 40 మీటర్లు, అంటే ఒక్క డిగ్రీకే 70 సెంటీమీటర్ల చోటు దొరుకుతుంది, అందుకే అంత సన్నటి కొలతలు తీయగలిగారు. మధ్యాహ్నం పైనుంచి పడిన ఎండ ఏ గీత మీద ఉందో చూసి రాసుకునేవాళ్లు. టెలిస్కోప్ రావడానికి ఇంకా దాదాపు 170 ఏళ్లుంది, అయినా 1437 నాటి వాళ్ల పట్టికల్లో 1018 నక్షత్రాలున్నాయి, నక్షత్ర సంవత్సరం (సూర్యుడు మళ్లీ అదే నక్షత్రం దగ్గరికి రావడానికి పట్టే కాలం) లెక్కలో తేడా నిమిషం లోపే. అవే పట్టికల్ని 1665లో ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చేశారు.

రాజుగా ఆయన గొప్పోడని నేననను. యుద్ధాల్లో ఓడాడు, 1448లో ఆయన సైన్యమే హెరాత్‌ని దోచుకుంది. ఆ మరుసటేడే కన్నకొడుకు మనిషిని పెట్టి తల నరికించాడు. 1941లో సోవియట్ శాస్త్రవేత్తలు సమాధి తెరిస్తే మెడ ఎముక తెగి కనబడింది. అబ్జర్వేటరీ పాడుబడిపోయింది, ఆయన దగ్గర పెరిగిన అలీ కుష్జీ ఆ విద్యని ఇస్తాంబుల్ దాకా మోసుకుపోయాడు.

ఉలుగ్ బేగ్ తల్లి గౌహర్ షాద్ గురించి మన పేపర్లలో ఒక్క లైను కూడా చూళ్లేదు నేను. ఆమె ఇరాన్‌లోని మష్హద్‌లో కట్టించిన మసీదు 1418 నాటిది, ఇప్పటికీ నిలబడే ఉంది. హెరాత్‌లో కట్టించిన ముసల్లాని (మసీదు, మదరసాల సముదాయాన్ని) మాత్రం 1885లో రష్యా వాళ్లు దండెత్తి వస్తారన్న భయంతో బ్రిటిష్ వాళ్లు చెప్పి కూల్చేయించారు, ఫిరంగులకి అడ్డం లేకుండా ఉండాలని! మిగిలిన మినార్లలో కొన్ని భూకంపాలకి పోయాయి. తైమూర్ కూల్చినవి లెక్కపెట్టినప్పుడు ఇదీ లెక్కలోకి రావాలి కదా.

అదే హెరాత్‌లో తర్వాత అదే వంశపు సుల్తాను హుసేన్ బైఖరా కొలువులో బెహ్జాద్ అనే చిత్రకారుడు బొమ్మలేశాడు, ఫారసీలో రాస్తేనే కవి అనుకునే కాలంలో అలీషేర్ నవాయీ తన మాతృభాష తుర్కీలో అయిదు పెద్ద కావ్యాలు రాసి చూపించాడు. 1506లో బాబర్ అక్కడికెళ్లి ఊరంతా తిరిగి చూశాడు, తన ఆత్మకథ కూడా అదే తుర్కీలో రాసుకున్నాడు. మొఘల్ కట్టడాల మీద, చిత్రాల మీద ఇంత రాస్తాం కదా, వాటి మూలాలు సగం ఇక్కడే ఉన్నాయి, ఇది తెలీకపోతే అక్బర్ కాలం నాటి బొమ్మలు పిల్లలకి ఎలా అర్థమవుతాయి చెప్పండి.

కాబట్టి దయచేసి రెండో భాగం వేయండి. సమర్‌కంద్ అబ్జర్వేటరీ లోపలి వంపు ఫోటో తప్పకుండా పెట్టండి, గౌహర్ షాద్‌కి కనీసం అర పేజీ ఇవ్వండి.

ఇట్లు,
మీ పాఠకుడు