మెంతులు పంపాను, షుగరు మాత్ర ఆపకు

చిన్నోడా,

పార్సిల్ అందిందా? ఆవకాయ సీసా మూతకి కాగితం చుట్టి తాడు కట్టాను, నూనె కారితే వెంటనే తుడువు. అందులోనే అరకిలో మెంతులున్నాయి. రాత్రి ఒక చెంచా గ్లాసుడు నీళ్లలో నానబెట్టి, పరగడుపున గింజలు కూడా నమిలి తినాలి. నీళ్లు తాగి గింజలు పారబోస్తే ఏం లాభం? తిన్న అన్నంలోని చక్కెర రక్తంలోకి మెల్లగా ఎక్కేలా చేసే పీచంతా గింజలోనే ఉంటుంది. మొదటివారం అర చెంచా చాలు, లేకపోతే కడుపు ఉబ్బరిస్తుంది.

ఇక్కడ ఇంకా వానల్లేవు. పిన్ని వచ్చి వెళ్లింది. నువ్వు షుగరు మాత్రలు మానేసి కాకరరసం తాగుతున్నావంది. నేను నమ్మలేదులే.

పెద్దత్త పొడపత్రి ఆకు నములుతోంది. నమిలాక కాసేపు పంచదార నోట్లో వేసుకున్నా తీపి తెలియదు. నాలుకకి తీపి తెలియనంత మాత్రాన రక్తంలో షుగరు తగ్గినట్టు కాదురా. పైగా ఏకాదశికి ఉపవాసమని సగ్గుబియ్యం, అరటిపళ్లు! టీచరమ్మ ఈస్టరు ముందు ఉపవాసాల శ్రమదినాల్లోనూ నేరేడు గింజల పొడి వదలదు, మాత్రా వదలదు. అదీ పద్ధతి. ఖాలా కలోంజీ, అదే నల్లజీలకర్ర, తింటుంది, చావుకి తప్ప అన్నిటికీ మందని ప్రవక్త మాట కదా. తేనెలో కలపొద్దన్నాను, తేనె కూడా చక్కెరే.

పోయిన రంజాన్‌లో ఖాలా తెల్లవారకముందు తినే సహరీకి గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని, పైన గ్లాసుడు కాకరరసం తాగింది. మనం అన్నం తిన్నా తినకపోయినా ఆ మాత్ర షుగరుని దించే ఇన్సులిన్‌ని ఊరిస్తూనే ఉంటుంది, కాకర దానికి తోడైంది. మధ్యాహ్నానికి చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు. మీటర్‌లో 58. 70 కంటే తగ్గితే చాలు, ప్రమాదం. రోజా ఉపవాసం విడవనని మొండికేసింది. జబ్బు చేస్తే విడిచి, తర్వాతి రోజుల్లో ఉండొచ్చని ఖురాన్‌లోనే ఉందని కోడలు గుర్తుచేశాక ఒప్పుకుంది. అర గ్లాసు నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించారు, 15 నిమిషాలాగి మళ్లీ చూశారు, ఆ తర్వాతే అన్నం పెట్టారు. డాక్టరు ఆ మాత్రని ఇఫ్తార్‌కి మార్చి, మోతాదు తగ్గించాడు.

నీదీ ఆ మాత్రే కదా. మానేస్తే వెంటనే ఏమీ తెలియదు, లోపల కళ్లు, కిడ్నీలు, పాదాలు పాడవుతుంటాయి. కాకరకాయ కూర వండుకో, బెల్లం వెయ్యకు. సొరకాయ రసం చేదుగా ఉంటే ఒక్క గుక్క కూడా మింగకు, అది విషం, రక్తం కక్కుకుంటారు. చెప్పుల్లేకుండా మేడ మీద తిరక్కు.

పరగడుపు అంకె, తిన్న రెండు గంటల తర్వాతి అంకె రాసి పంపు. మాత్రల షీటు ఫోటో కూడా పెట్టు, ఎన్ని ఖాళీ అయ్యాయో కనిపించేలా.

అమ్మ